వరస నిర్ధారణ ఉపసంఘం

బంధుప్రీతి అనే అనాది జాడ్యం నుండి సమాచార ప్రసార వ్యవస్థను సంపూర్ణంగా విముక్తం చేసిన తొలి భూభాగం మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాలతో కూడిన మన పడమటి ప్రకాశమేనని ఇందుమూలంగా ప్రకటించడమైనది. (ఈ సంగతి ప్రపంచానికి ఇంకా తెలియదు. తెలియజేయవలసిన టీవీ మనదే కావడం, అందులో వార్తలు లేకపోవడం అందుకు కారణాలు.) పెద్ద పెద్ద దేశాలు ఎంతో కాలం చర్చించి సాధించలేకపోయిన నిష్పాక్షికతను మనవాళ్లు ఒక్క వేసవిలో సాధించారు. అది ఎలా సాధ్యపడిందో, దానివల్ల రాళ్లమిట్ట కాలనీలో ఒక పసిబిడ్డకు స్నానం ఎందుకు ఆలస్యమైందో భావితరాల ఉపయోగార్థం నమోదు చేయడం అవసరం.

ఈ ప్రయత్నానికి కారణం మనకు టీవీ చానెళ్లు కరువై కాదు. వాటిలో మనం కరువై. రాజధానుల నుండి వచ్చే వార్తలలో మన ప్రాంతం పేరు వినిపించాలంటే నల్లమల ఘాటు రోడ్డులో బస్సు లోయలో పడాలి, లేదా ఎవరైనా పెద్దమనిషి హెలికాప్టర్లో దిగి రిబ్బను కత్తిరించాలి. మొదటిది మనం కోరుకోము. రెండవది మనం కోరుకున్నప్పుడు జరగదు. బోరు ఎండిపోవడం, మంచినీళ్ల మోటారు కాలిపోవడం, కనిగిరి బస్సు రాకపోవడం వంటివి ప్రతిరోజూ జరుగుతాయి కనుక అవి వార్తలు కావని ఆ చానెళ్ల అభిప్రాయం.

మార్కాపురంలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంతో పాటు కేబుల్ వ్యాపారం కూడా నడిపే మహబూబ్ బాషాను ఈ అన్యాయం చాలాకాలంగా బాధిస్తోంది. ఆయన కేబుల్లో రెండు భక్తి చానెళ్లకూ, నాన్‌స్టిక్ పెనాలు అమ్మే ఒక చానెలుకూ మధ్య ఒక నెంబరు ఖాళీగా ఉంది. యజమాని లేని, ప్రకటనలు లేని, సభ్యులందరికీ సమాన హక్కు గల సహకార టీవీని అందులో పెడదామని ఆయన షాదీఖానాలో జరిగిన సభలో ప్రతిపాదించగా, సభ హర్షధ్వానాలతో ఆమోదించింది. (హర్షధ్వానాలకు ముందు బిర్యానీ వడ్డించినట్లు కొందరు ఆక్షేపించారు. బిర్యానీ బాషా మనవడికి తల వెంట్రుకలు తీసి పేరు పెట్టే అఖీఖా వేడుకకు పెట్టినది. జనం ఎటూ వచ్చి ఉన్నారని సభను అందులో కలిపారు.) టీవీకి 'మనోళ్ల టీవీ' అని పేరు పెట్టారు. పలకల ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు, హనుమంతునిపాడు వైపు కంది రైతులు, చీరల దుకాణాల వారు, ఆటోల వారు, పాస్టర్లు, ముల్లాలు అందరూ సభ్యులయ్యారు. బాషా అధ్యక్షుడయ్యాడు.

ఉపాధ్యక్ష పదవి కాటమరాజుకు వెళ్లింది. ఆయన నీళ్ల ట్యాంకర్ల యజమాని. ట్యాంకర్లు నిలిపే షెడ్డు మీద తన గదిని స్టూడియోకు ఉచితంగా ఇచ్చాడు. తన పేరు ఎక్కడా వేయవద్దని వినయంగా కోరాడు. ఆ కోరికను కూడా ఆయన పేరుతో సహా బోర్డు మీద రాయించి తలుపు పైన పెట్టారు. కొన్ని గ్రామాలలో మంచినీళ్ల మోటార్లు చెడిపోతే బాగు చేసే కాంట్రాక్టు ఆయనది. అవి బాగయ్యే వరకు ట్యాంకరుతో నీళ్లు తోలే కాంట్రాక్టు కూడా ఆయనదే.

వార్తలు సేకరించి చదవడానికి తబస్సుమ్‌ను తీసుకున్నారు. జర్నలిజం చదివి, ఉద్యోగం రాక, ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతున్న అమ్మాయి. కెమెరాకు గిద్దలూరు నుండి ఏబేలు వచ్చాడు. ఆయన పెళ్లి వీడియోలలో ప్రసిద్ధుడు. దేనిని చిత్రీకరించినా చివర గులాబీ రేకులు రాలేలా చేయడం, ఎవరి ముందు కెమెరా పెట్టినా "కొంచెం నవ్వండక్కా" అనడం ఆయనకు అలవాటు. మనుషుల్లో అరుదుగా కనిపించే ఒక నియమం కూడా ఆయనకుంది: పెళ్లిలో ఎవరైనా అలిగి విస్తరి ముందు నుండి లేచిపోతే ఆ ముక్క కోసేస్తాడు.

ఇక నియమావళి. దానిని రచించినవారు శ్రీశైలమ్మ గారు. సహకార శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఆమె పర్యవేక్షించిన సంఘాలలో ఒక్కటి కూడా నిబంధనలు అతిక్రమించిన దాఖలా లేదు. (పనులు ఆపేసిన సంఘానికి అతిక్రమించే అవకాశం ఉండదు.) ఏదో దూరదేశపు ప్రజా ప్రసార సంస్థ వారి మార్గదర్శక గ్రంథాన్ని సంపాదించి, నెల రోజులు నిఘంటువుతో కూర్చొని ఆమె దానిని తెలుగు చేశారు. అందులో పదిహేడవ నియమం ఇది:

"వార్త సేకరించువారు, వార్త చదువువారు, వార్తలో కనబడువారు లేక వినబడువారు, వీరిలో ఏ ఇద్దరి మధ్యనైనను బంధుత్వము ఉన్నచో సదరు వార్త ప్రసారమునకు అర్హము కాదు."

ఈ నియమం చదివినప్పుడు చప్పట్లు చాలాసేపు మోగాయి. ప్రతి సభ్యుడూ తక్కినవారి బంధువులను తలచుకొని కొట్టాడు.

బంధుత్వం ఉన్నదీ లేనిదీ తేల్చడం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. వంశవృక్షం ధ్రువపత్రానికి దరఖాస్తు పెడితే అది వచ్చేసరికి ఆ వంశంలో కొత్త కొమ్మలు వేస్తాయని అనుభవజ్ఞులు చెప్పారు. అందువల్ల శ్రీశైలమ్మ గారు సులువైన పద్ధతి నిర్ణయించారు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో అడిగితే చాలు. మనిషి నోటి నుండి వచ్చే పిలుపును మించిన సాక్ష్యం లేదు. దీనికోసం ఆమె అధ్యక్షతన 'వరస నిర్ధారణ ఉపసంఘం' ఏర్పడింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుచేయడం తప్పనిసరి. మన ప్రాంతంలో ఎదుటి మనిషిని వట్టి పేరుతో పిలవడం కొట్లాటకు సిద్ధపడినప్పుడు మాత్రమే జరుగుతుంది. తక్కిన వేళల్లో కూరగాయలమ్మే ఆమె పిన్ని, బస్సు కండక్టరు బావ, దారి అడిగిన అపరిచితుడు అన్న, దారి చెప్పిన అపరిచితురాలు అక్క. ఇది దూరదేశపు గ్రంథకర్తలకు తెలియదు. మనకు తెలుసు, కానీ నియమావళిని ఆమోదించేటప్పుడు మనకు తెలిసినవన్నీ పక్కన పెట్టడం సభా మర్యాద.

మొదటి వార్త తెచ్చింది యేసుమణి. యర్రగొండపాలెం దారిలోని రాళ్లమిట్ట కాలనీ ఆమెది, కూలి పని. ఎండాకాలం మొదట్లోనే కాలనీ మోటారు కాలిపోయింది. దానికి బదులుగా వచ్చే ట్యాంకరు ముందు ఊళ్లోని వీధులన్నీ తిరిగి కాలనీకి వస్తుంది. అప్పటికి అందులో నీళ్లు తొణికే చప్పుడు ఉంటుంది గానీ నీళ్లు ఉండవు. యేసుమణి కూతురు భారతి పురిటికి పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పసిబిడ్డకు నీళ్లు పోయాలంటే యేసుమణి ఎవరి పొలంలోనో బోరు నడిచే వేళ కనిపెట్టి, వాళ్ల దయ ఉంటే ఒక బిందె తెచ్చుకోవాలి. మొన్న దయ లేదు. బిడ్డకు తడిగుడ్డతో తుడిచారు.

"టీవీలో చూపిస్తే మోటారు బాగు చేస్తారంట గదా తల్లీ," అని ఆమె తబస్సుమ్‌ను అడిగింది. "నాకు వేరే ఏం వద్దు. ఆ బిడ్డకు పూటకింత నీళ్లు పోసుకుంటే చాలు."

తబస్సుమ్, ఏబేలు వెళ్లి కాలిన మోటారును, ఖాళీ బిందెలను, పసిబిడ్డను చిత్రీకరించారు. (మోటారు మీద గులాబీ రేకులు రాలాయి. తబస్సుమ్ గట్టిగా చెప్పిన మీదట వాటిని తొలగించారు.) మరమ్మతు చేయవలసిన వ్యక్తిగా కాటమరాజు పేరు కథనంలో వచ్చింది. నియమం ప్రకారం అది ముందు ఉపసంఘానికి వెళ్లింది.

విచారణ స్టూడియోలోనే జరిగింది. కింద షెడ్డులో ట్యాంకరు నింపుతున్నారు. ఆ నీటి శబ్దం వల్ల మాటలు సరిగా వినపడక కిటికీ మూశారు. శ్రీశైలమ్మ గారు ముందుగా తబస్సుమ్‌ను అడిగారు. కాటమరాజును మామా అంటానని ఆమె చెప్పింది. ఏబేలు బావా అంటానన్నాడు. అప్పుడు యేసుమణి వంతు.

"కాటమరాజును నువ్వేమని పిలుస్తావమ్మా?"

"అన్నా అంటా మేడం."

"ఆయన నిన్నేమని పిలుస్తాడు?"

యేసుమణి ఒకసారి కాటమరాజు వైపు చూసింది. "ఆయన పిలవడు మేడం. హారను కొడతాడు."

హారను వరస కిందికి రాదు కనుక ఉపసంఘం పట్టికలో ఆ గడిని ఖాళీగా ఉంచారు. ఒక వైపు నుండి వరస కుదిరితే రెండవ వైపు తనంతట తాను కుదురుతుందని ఉపసంఘం అభిప్రాయపడింది. యేసుమణి అందరినీ అట్లనే అంటామని, అది ఉత్త పిలుపని, ఆయన తన తల్లి కడుపున పుట్టలేదని విన్నవించుకుంది. పిలుపులో ఉత్తది, గట్టిది అనే భేదం నియమావళిలో లేదని శ్రీశైలమ్మ గారు ఓర్పుగా వివరించారు.

అధ్యక్షుడు బాషా కొంచెం కలవరపడ్డాడు. "ఏంది మేడం ఇది. అట్ల చూస్తే మార్కాపురంలో నాకు మామ కానోడు ఎవడున్నాడు? నిన్న హెల్మెట్ లేదని ఫైను రాసే పోలీసాయన్ను గూడా 'మామా, కొంచెం చూడు' అంటిని."

"ఆయన చూశాడా?"

"లేదు మేడం. రాసినాడు."

"అయినా వరస వరసే," అని ఆమె ఆ పోలీసును కూడా పట్టికలో చేర్చారు.

మోటారు బాగు చేసేవాడు, మోటారు బాగుకాకపోతే లాభపడేవాడు ఒక్కరే కావడంలో ప్రయోజనాల సంఘర్షణ లేదా అని తబస్సుమ్ లేచి అడిగింది. ఉపసంఘం ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. గ్రంథం తిరగేశారు. నియమావళిలో సంఘర్షణ అనగా ఇద్దరి మధ్య బంధుత్వం. ఒక మనిషికి తనతో తనకు ఏ బంధుత్వమూ ఉండదు; కాటమరాజు తనను తాను అన్నా అని గానీ బావా అని గానీ పిలుచుకోడు. కాబట్టి ఆ విషయంలో ఆయన నిష్కళంకుడని తేలింది. ఆయన వినయంగా తల వంచాడు.

యేసుమణికి ఒక వరస నిర్ధారణ పత్రం ఇచ్చారు. 'రాళ్లమిట్ట కాలనీ వాస్తవ్యురాలు యేసుమణికి కాటమరాజు అన్న అగును. ఇది కుటుంబ విషయము. ప్రసారమునకు అర్హము కాదు' అని అందులో ఉంది. కింద గుండ్రటి ముద్ర. ఆమె దానిని మడిచి, జాకెట్లో పెట్టుకొని, ఖాళీ చేతులతో కాకుండా ఒక అన్నతో ఇంటికి వెళ్లింది.

తరువాతి వారాలలో ఇదే జరిగింది. కంది రైతులను మోసగించిన వ్యాపారి వారందరికీ బావ. రోడ్డు వేయకుండా బిల్లు తీసుకున్న మేస్త్రీ ఊరందరికీ చిన్నాయన. బస్సు రాని విషయం చెప్పబోతే డిపోలో అడిగినవాడికి, సమాధానం చెప్పనివాడికి మధ్య అల్లుడి వరస బయటపడింది. ప్రతి వార్తా ఒక ఇంటి గొడవే. మనోళ్ల టీవీ తెర మీద తబస్సుమ్ వచ్చి నమస్కారం, అస్సలామ్ అలైకుమ్ అని, ఇప్పటికి ఇవే వార్తలని ముగించేది.

లోపం పిలుపులో ఉంది గనుక, ఇక్కడి పిలుపులు తగలని మనిషిని బయటి నుండి తెస్తే సరిపోతుందని కార్యవర్గం నిర్ణయించింది. కాకినాడ వైపు నుండి శ్యాంసన్ అనే యువకుణ్ణి వార్తాహరుడిగా రప్పించారు. ఎవరినీ ఎరుగడు. అందరినీ "ఏవండీ" అంటాడు. శ్రీశైలమ్మ గారి కళ్లలో చాలా రోజుల తర్వాత వెలుగు కనిపించింది. అతణ్ణి ఎవరూ పలకరించకూడదని సర్క్యులరు జారీ చేశారు. అయితే బస్టాండులో దిగిన పిల్లవాణ్ణి అన్నం తిన్నావా అని అడగకుండా తీసుకురావడం బాషాకు చేతకాలేదు. ఆయన ఇంట్లో భార్య షాహజాదీ భోజనం వడ్డిస్తూ "ఇంకొంచెం వేసుకో అల్లుడూ" అన్నది. అంతటితో ఆ వీధికంతా అతడు అల్లుడయ్యాడు. వెంటనే అతణ్ణి లాడ్జి గదిలో ఉంచి, భోజనం తలుపు కింది నుండి పంపే ఏర్పాటు చేశారు. కానీ ఒకనాటి ఉదయం చాయ్ దుకాణం ముసలమ్మ అతణ్ణి చూసి, "ఎండలో తిరగబాకు నాయనా" అన్నది. మన వైపు నాయన అంటే తండ్రి. డెబ్బై దాటిన ఆమెకు పాతికేళ్ల శ్యాంసన్ తండ్రి అగునని ఉపసంఘం ధ్రువీకరించింది. ఆ పత్రం చేతికి వచ్చిన రోజే అతడు తిరుగు బస్సు ఎక్కాడు. (తండ్రిని పోగొట్టుకున్న ముసలమ్మ ఆ పూట దుకాణం తీయలేదని కొందరన్నారు. అది కూడా కుటుంబ విషయమే కనుక పరిశీలించలేదు.)

ఇలా ఎన్ని వందల వరసలు తేల్చినా ఉపసంఘం పట్టికలో రెండు పిలుపులకు మాత్రం ఏ బంధుత్వమూ దొరకలేదు. అవి 'సార్', 'మేడం'. బదిలీ మీద వచ్చి బదిలీ మీద వెళ్లే అధికారులు, రిబ్బను కత్తిరించే పెద్దమనుషులు, వీరిని ఎవరూ బావా అనరు. పదిహేడవ నియమం అడ్డురాని మనుషులు వీరొక్కరే. ఆనాటి నుండి మనోళ్ల టీవీ నిర్విరామంగా ప్రసారాలు సాగించింది. సార్ మొక్క నాటారు. మేడం దీపం వెలిగించారు. సార్ తనిఖీ చేసి సంతృప్తి చెందారు. మరొక సార్ హెలికాప్టర్ దిగి రిబ్బను కత్తిరించారు. ఏబేలు రేకులు రాల్చాడు. సభ్యులు ఎంతో సంతోషించారు. ఇప్పుడు మన టీవీ అచ్చం నిజం టీవీ మాదిరి ఉందని గిద్దలూరు నుండి కూడా అభినందనలు వచ్చాయి.

ఈ స్వర్ణయుగంలో ఒకనాడు యేసుమణి మళ్లీ స్టూడియోకు వచ్చింది. కాటమరాజు కింద షెడ్డు ముందు నలుగురితో కూర్చొని ఉన్నాడు. బాషా, శ్రీశైలమ్మ గారు, తబస్సుమ్ మెట్ల మీద ఉన్నారు. ఆమె జాకెట్లోంచి పత్రం తీసి విప్పింది.

"అన్నా, ఆదివారం మా భారతి బిడ్డకు చర్చిలో ప్రతిష్ఠ ప్రార్థన. తర్వాత ఇంటికాడ భోజనాలు. నువ్వు రావాల."

కాటమరాజు నవ్వాడు. "నేనెందుకమ్మా?"

"ఎందుకంటే ఏంది? అన్నవని ముద్దరేసి ఇచ్చినారు. అన్నంటే పుట్టింటోడు. నాకు వేరే పుట్టిల్లు లేదు, అందరూ పోయినారు. పుట్టింటోడు ఉత్త చేతుల్తో రాడు గదా. చీర వద్దు, సారె వద్దు. ట్యాంకరు నిండా నీళ్లు తీసుకొని కాలనీకి నేరుగా రా. మేనకోడలి బిడ్డను చూసి, నాలుగు ముద్దలు తిని, నీళ్లు తాగి పో."

షెడ్డు ముందు కూర్చున్న నలుగురూ కాటమరాజు ముఖంలోకి చూశారు. "యేందో పిచ్చిది," అని ఆయన వారితో అన్నాడు. "పిలుపుకు అన్నా అంటే అన్ననైపోతానా?"

అప్పుడు తబస్సుమ్ మెట్ల మీది నుండి నెమ్మదిగా అడిగింది. "అయితే మీరు ఆమెకు అన్న కాదా మామా? కాకపోతే మోటారు వార్త ఈ సాయంత్రమే వేస్తాం."

శ్రీశైలమ్మ గారు అది సరైన సందేహమేనన్నారు. కాటమరాజు అన్న కానట్లయితే ఉత్త పిలుపు వరస కాదని తేలినట్లే, తబస్సుమ్ మామా, ఏబేలు బావా కూడా చెల్లవు; పదిహేడవ నియమం వర్తించదు, కథనం వేయవచ్చు. అన్న అయినట్లయితే నియమం వర్తిస్తుంది, ఆదివారం పుట్టింటివాడిగా వెళ్లడమే మర్యాద. ఈ రెండింటికీ మధ్య మూడవది లేదని ఆమె విచారం వ్యక్తం చేశారు. కాటమరాజు లేచి చెప్పులు వేసుకుంటూ, "వస్తాలే," అన్నాడు.

ఆదివారం ట్యాంకరు ఊళ్లో ఎక్కడా ఆగకుండా రాళ్లమిట్ట కాలనీకి నిండుగా వచ్చింది. ఆ వేసవిలో అది మొదటిసారి. బిందెలు, బక్కెట్లు, ప్లాస్టిక్ డ్రమ్ములు, పిల్లలు పట్టుకొచ్చిన చెంబులు అన్నీ నిండాయి. నీళ్లు వృథాగా కారిపోతున్నాయని ఒకరిని ఒకరు తిట్టుకునే భాగ్యం కాలనీ ఆడవాళ్లకు కలిగింది. యేసుమణి ఇంటి ముందు టెంటు కింద అందరూ కూర్చున్నారు. కాటమరాజు కేబిన్ దిగి ట్యాంకరు నీడలో నిలబడ్డాడు. టెంటు దాకా రాలేదు. భారతి బిడ్డను తెచ్చి చూపిస్తే చేతులు చాచలేదు. దూరం నుండే బాగుందన్నాడు. డాక్టరు బయటి తిండి మానమన్నాడని చెప్పాడు. సరే, తినవద్దని యేసుమణి స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది.

"నీ ట్యాంకరు నీళ్లే అన్నా. ఇప్పుడే పట్టినాను."

"ఇప్పుడే తాగి వచ్చినాను తల్లీ."

"రెండు గుక్కలు."

"గొంతు బాగలేదు."

"అన్నవని రాసిచ్చినారు గదా," అన్నది యేసుమణి. గ్లాసు అట్లనే పట్టుకొని నిలబడింది. కాటమరాజు మోగని ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకొని కేబిన్ ఎక్కాడు. డ్రైవరు ఇంకా గొట్టం చుడుతున్నాడు. కాటమరాజు పక్కకు వంగి హారను కొట్టాడు.

ట్యాంకరు వెళ్లిపోయిన తర్వాత యేసుమణి ఆ గ్లాసులోని నీళ్లను పారబోయలేదు. బిడ్డ స్నానానికి పక్కన పెట్టిన బక్కెట్లో పోసి, "కాగబెట్టు," అని భారతికి ఇచ్చింది.

ఇదంతా తబస్సుమ్‌తో పాటు వచ్చిన ఏబేలు మొదటి నుండి చివరి వరకు చిత్రీకరించాడు. రేకులు రాల్చలేదు. విస్తరి ముందు నుండి లేచిపోయే ముక్కను కోసే తన నియమాన్ని కూడా మొదటిసారి పక్కన పెట్టాడు. తబస్సుమ్ ఆ కథనాన్ని మరునాడే ఉపసంఘం ముందు ఉంచింది. ఆమె వాదన ఇది: అన్న అయితే చెల్లెలి ఇంట్లో గ్లాసు నీళ్లు తాగుతాడు. ఈయన తాగలేదు. కాబట్టి అన్న కాదు. కాబట్టి మోటారు వార్త వేయవచ్చు.

శ్రీశైలమ్మ గారు ఆ దృశ్యాన్ని రెండు సార్లు చూశారు. తరువాత కళ్లద్దాలు తుడుచుకొని తీర్పు చెప్పారు. దగ్గరి బంధువులు శుభకార్యానికి వచ్చి, వాకిట్లోనే నిలబడి, తినకుండా, తాగకుండా వెళ్లిపోవడం మన కుటుంబాలలో అందరికీ అనుభవమే. దానిని అలక అంటారు. అలక పరాయివారి మధ్య ఉండదు. కాబట్టి కాటమరాజు నీళ్లు ముట్టకపోవడం వరస లేదనడానికి కాదు, వరస చాలా గట్టిదనడానికే సాక్ష్యం.

"అది అలక కాదు మేడం," అన్నది తబస్సుమ్. "దానికి వేరే పేరుంది. మీకూ తెలుసు."

బాషా సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు. కాటమరాజు కిటికీలోంచి తన ట్యాంకర్ల వైపు చూశాడు. శ్రీశైలమ్మ గారు నియమావళి చివర ఉన్న పదసూచిని అ నుండి క్ష వరకు వేలితో వెతికి, ఆ పేరు గల అంశం ఏదీ ఇందులో లేదని ప్రకటించారు. లేని పదం మీద చర్చకు అనుమతి లేదు.

గోడ పక్కన నిలబడిన యేసుమణి, "పేరు ఏదన్నా పెట్టుకోండి. మోటారు ఎప్పుడు బాగు చేస్తారో అది చెప్పండి," అన్నది.

అన్నాచెల్లెళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలలో సంఘం జోక్యం చేసుకోజాలదని ఆమెకు మర్యాదగా తెలియజేశారు.

ఆ సాయంత్రం మనోళ్ల టీవీ ఒక గంటసేపు ప్రత్యేక కార్యక్రమం ప్రసారం చేసింది. బాటసారుల దాహం తీర్చడానికి బస్టాండు ఎదుట చలివేంద్రం ప్రారంభమైంది. నీళ్లు ఎవరి ట్యాంకరువో చెప్పడానికి పదిహేడవ నియమం అడ్డువచ్చింది కనుక చెప్పలేదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన అధికారి రిబ్బను కత్తిరించి, మొదటి గ్లాసు అందుకున్నారు. గులాబీ రేకులు రాలుతుండగా సార్ గ్లాసు మొత్తం ఖాళీ చేసి, నీళ్లు తియ్యగా ఉన్నాయన్నారు.